నిరాశకు ఒక కొలబద్ద

పార్సిల్ ఆదివారం పొద్దున వచ్చింది. దానికోసం ఏడు నెలలు డబ్బు దాచుకున్నాను. 22,000 రూపాయల మడత చాకు. టైటానియం పిడి, పౌడర్ స్టీల్ బ్లేడు, విదేశీ తయారీ. మా ఇంట్లో ఇంత ఖరీదు పెట్టి ఎవరూ ఎప్పుడూ కత్తి కొనలేదు. మా అమ్మ జీవితమంతా కూరలు తరిగిన కత్తిపీట సంతలో కొన్నదే.

పెట్టె తెరిచి చాకు చేతిలోకి తీసుకున్నాను. బరువు బాగుంది. బొటనవేలితో బ్లేడు తెరిస్తే టక్కుమని లాక్ పడింది. ఆ చప్పుడు వినడానికే కొన్నానేమో అన్నంత సంతోషం. తర్వాత దాన్ని మూసి, కిటికీ వెలుగులో పైనుంచి చూశాను. బ్లేడు పిడి రెండు పలకల నడిమధ్య లేదు. కుడి పలక వైపు ఒరిగి ఉంది. మొన దాదాపు దాన్ని రాసుకుంటోంది. మళ్లీ తెరిచి బ్లేడును రెండు వేళ్లతో పట్టుకుని కదిపాను. కదిలింది. అంచు చూశాను. సాన పట్టిన చాలు ఒక వైపు వెడల్పుగా, రెండో వైపు సన్నగా ఉంది. మూయబోతే లాక్ అంటుకుపోయి, గోరు నొప్పి పుట్టేదాకా నెట్టాల్సి వచ్చింది.

చాకును పెట్టెలో పెట్టి మూత వేశాను. మా ఆవిడ వచ్చి, “ఎలా ఉందండీ?” అని అడిగింది.

“చాలా బాగుంది” అన్నాను.

ఎందుకు అలా అన్నానో తర్వాత చాలా రోజులు ఆలోచించాను. ఆమె నన్ను దెప్పే మనిషి కాదు. అయినా నా నోట నిజం రాలేదు. ఏడు నెలలుగా ఆ చాకు గురించి ఇంట్లో, ఆఫీసులో, పెళ్లిళ్లలో కూడా చెబుతూ వచ్చాను. ఇప్పుడు అది బాగాలేదంటే ఆ ఏడు నెలల మాటలూ వెనక్కి తీసుకోవాలి. డబ్బు పోయిందన్న బాధకన్నా, నా ఎంపిక తప్పయిందన్న బాధ పెద్దది. మీరు ఖరీదైన ఫోను కొని, కుట్టుమిషను కొని, సోఫా చేయించుకుని, మొదటి వారంలోనే మనసు చివుక్కుమన్న మనిషైతే నేను చెప్పేది మీకు తెలిసే ఉంటుంది.

డబ్బు పెట్టాక మనం వస్తువును మామూలు కళ్లతో చూడలేం. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు అమెరికాలోని ఒహాయోలో చేసిన ఒక పరీక్షను 1985లో ప్రచురించారు. నాటకాల సీజన్ టిక్కెట్టు కొనడానికి వచ్చినవాళ్లలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు ఇచ్చారు. ఎవరికి ఏ ధర పడాలన్నది కేవలం లాటరీ. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లు ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు అందరికీ అవే. పెట్టిన డబ్బు మాత్రమే వాళ్లను కుర్చీల దాకా నడిపించింది. నేను “చాలా బాగుంది” అన్నప్పుడు నా చేత ఆ మాట అనిపించినవి కూడా 22,000 రూపాయలే.

ఆ రాత్రికి నేను పూర్తిగా అవతలి ఒడ్డుకు చేరాను. నిద్ర పట్టక లేచి కూర్చుని కంపెనీకి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. మోసం, దగా, చెత్త సరుకు, సిగ్గులేదా అని రెండు పేజీలు రాశాను. చదువుకుంటే అందులో చాకు గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఎక్కడ వదులు, ఎంత వదులు, ఏ వైపు ఒరిగింది అన్న ముక్కే లేదు. అంతా నా గురించే.

పొద్దున చెప్పిన అబద్ధమూ రాత్రి రాసిన తిట్లూ ఒకే పని చేశాయి. రెండూ నన్ను వస్తువు వైపు చూడనివ్వలేదు. మరునాడు నాకు దారి చూపించింది మా పెదనాన్న.

పెదనాన్న డబ్బా

ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఎనభై దాటాయి. చాకు ఇస్తే నాలుగైదుసార్లు తెరిచి మూశారు. “ఏమిట్రా నీ బాధ?” అన్నారు.

“ఏం లేదు పెదనాన్నా, దీని పనితనం బాగాలేదు.”

“బాగాలేదంటే ఎంత బాగాలేదు?”

నా దగ్గర జవాబు లేదు. ఆయన మంచం కిందనుంచి ఒక రేకు డబ్బా లాగి, అందులోంచి ఫీలర్ గేజి తీశారు. చూడనివాళ్లకోసం చెబుతాను. విసనకర్రలా తెరుచుకునే ఉక్కు రేకుల కట్ట అది. ఒక్కో రేకు మీద దాని మందం రాసి ఉంటుంది: 0.05, 0.10, 0.15 మిల్లీమీటర్లు, అలా. సందులో ఏ రేకు దూరుతుందో చూస్తే ఆ సందు ఎంతో తెలుస్తుంది. మెకానిక్కులు ఇంజన్ వాల్వుల సందు చూసేది దీనితోనే. పెదనాన్న చాకు మూసి, మొన దగ్గర ఒక్కో రేకూ దూర్చి చూశారు. కుడి వైపు 0.15 దూరింది, 0.20 దూరలేదు. ఎడమ వైపు రెండు రేకులు కలిపితే 0.85 దాకా దూరింది.

“మొత్తం సందు మిల్లీమీటరు. నడిమధ్య ఉంటే చెరో అర మిల్లీమీటరు ఉండాలి. మూడున్నర వంతులు పక్కకు పోయింది” అన్నారు. ఒక మిల్లీమీటరును పది వంతులు చేసి చెప్పడం ఆయన అలవాటు. నన్ను కాగితం తెమ్మని రాయించారు.

అప్పుడు నాలో జరిగింది చిన్న విషయమే అయినా, ఈ అధ్యాయం రాయడానికి అదే కారణం. ఒక రోజంతా గుండెలో రాయిలా కూర్చున్న బాధ ‘0.15, 0.85’ అన్న రెండు అంకెలుగా కాగితం మీదికి దిగింది. బాధ పోలేదు. దానికి ఒక సైజు వచ్చింది. సైజు ఉన్నదాన్ని ఏం చేయాలో ఆలోచించవచ్చు.

చాకును ఎలా చూడాలి

ఆ రోజు పెదనాన్న దగ్గర కొంత, తర్వాత నా అనుభవంలో కొంత నేర్చుకున్నది ఇక్కడ వివరంగా రాస్తాను. మీ చేతిలో ఉన్నది వేరే వస్తువైనా చూసే తీరు ఇదే.

ముందు వెలుగు. చాకు మూసి, బ్లేడు అంచు కనిపించే సందును కిటికీ వైపు పెట్టి చూడండి. బ్లేడు ఏదో ఒక పక్కకు ఒరిగి ఉండవచ్చు. పలకను రాసుకోనంతవరకు అది కంటికి లోపమే గానీ పనికి కాదు. రాసుకుంటూ ఉంటే గీతలు పడతాయి, అంచు కూడా దెబ్బతింటుంది. చాలాసార్లు దీనికి కారణం ఇరుసు స్క్రూ, పలకల స్క్రూలు ఒకే బిగువులో లేకపోవడం. స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు తిప్పినా బ్లేడు జరగవచ్చు. అయితే తిప్పే ముందు వారంటీ కాగితం చదవండి. విప్పితే వారంటీ చెల్లదనే కంపెనీలు ఉన్నాయి. ఈ స్క్రూలకు ఎక్కువగా నక్షత్రం ఆకారపు టి6, టి8 బిట్లు పడతాయి. సరిపోని బిట్టుతో తిప్పితే స్క్రూ తల అరిగిపోయి, కంపెనీ లోపం కాస్తా మన లోపమవుతుంది.

తర్వాత కదలిక. ఇందులో రెండు రకాలున్నాయి. ఆ రెండింటినీ కలపకూడదు. తెరిచిన బ్లేడు కుడి ఎడమలకు ఊగితే అది ఇరుసు వదులు. బిగిస్తే పోతుంది. మరీ బిగిస్తే బ్లేడు తిరగదు. పైకీ కిందికీ ఊగితే మాత్రం అది లాక్ సంగతి, స్క్రూ బిగించినా పోదు. నా చాకులో లాక్ ఎలాంటిదంటే, పిడి పలకనే ఒక వైపు చీల్చి స్ప్రింగులా లోపలికి వంచుతారు. బ్లేడు తెరవగానే ఆ చీలిక వచ్చి బ్లేడు మడమ కింద ఆనుతుంది. దీన్ని ఫ్రేమ్ లాక్ అంటారు. దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వెళ్లి ఐడహోలో స్థిరపడిన క్రిస్ రీవ్ తన ‘సెబెంజా’ చాకుతో దీన్ని ప్రసిద్ధం చేశాడు. జులూ భాషలో ఆ మాటకు ‘పని’ అని అర్థం. ఆ చీలిక కొలతలో కాస్త తేడా వచ్చినా బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంది. వేళ్ల మీద మూసుకుపోయే ప్రమాదం అక్కడే ఉంది కాబట్టి ఈ లోపాన్ని ఎంత చిన్నదైనా సర్దుకుపోవద్దు. లాక్ గట్టిదనం చూడటానికి బ్లేడు వెన్నును బల్లకేసి కొట్టేవాళ్లను చూశాను. ఆ పని చేయకండి. వేళ్లను బ్లేడు మూసుకునే దారిలోంచి తప్పించి, వెన్ను మీద చేత్తో మెల్లగా నొక్కి చూస్తే చాలు.

లాక్ అంటుకుపోవడం నన్ను మొదటి రోజు అన్నిటికన్నా ఎక్కువ చికాకు పెట్టింది. నిజానికి అన్నిటికన్నా చిన్న సమస్య అదే. టైటానియానికి ఉక్కును ఒరుసుకున్నప్పుడు పట్టుకుపోయే గుణం ఉంది. అందుకే కొన్ని చాకుల్లో లాక్ కొనకు ఉక్కు ముక్కో, పింగాణీ గుండో అతికిస్తారు. అవి లేనిచోట లాక్ ఆనే తావులో పెన్సిలు ములుకు నాలుగుసార్లు రుద్దితే, గ్రాఫైట్ పూతతో చాలావరకు సర్దుకుంటుంది. చికాకు పెద్దదైనంత మాత్రాన లోపం పెద్దది కాదని నాకు ఆ పెన్సిలు గీతల దగ్గర తెలిసింది.

ఇక అంచు. రెండు వైపులా సాన చాళ్లు ఒకే వెడల్పులో ఉండాలి. నా చాకుకు లేవు. ఫ్యాక్టరీలో బెల్టు మీద సాన పట్టే మనిషి చేయి ఒక వైపు వాలినా ఇలా వస్తుంది. కోతకు పెద్దగా అడ్డం కాదు. జేబు చాకులకు ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల కోణం పెట్టడం మామూలు. ఇంట్లో రాయి మీద నెమ్మదిగా రెండు వైపులనూ సమానం చేసుకోవచ్చు. అంచుకు మార్కర్ పెన్నుతో రంగు పూసి రాయి మీద రెండుసార్లు లాగితే, రంగు ఎక్కడ పోయిందో చూసి రాయి ఎక్కడ తగులుతోందో తెలుసుకోవచ్చు.

ఉక్కు సంగతి మాత్రం కంటితో తేలదు. బ్లేడును ఎంత వేడికి కాల్చారు, ఎలా చల్లార్చారు అన్నదాన్ని బట్టి అదే ఉక్కు మంచిదీ అవుతుంది, పనికిరానిదీ అవుతుంది. వాడుతూ చూడాల్సిందే. అయితే తొందరపడి తీర్పు ఇవ్వకండి. ఫ్యాక్టరీ బెల్టు మీద వేడెక్కి అంచు పైపొర మెత్తబడి ఉంటే, రెండు మూడుసార్లు సాన పట్టాక లోపలి గట్టి ఉక్కు బయటపడి పదును నిలవడం మొదలవుతుంది.

లోపం, స్వభావం

మా అమ్మ కత్తిపీట మడత పడేది. పీటకు చీలతో బిగించిన బ్లేడు అది. వాడగా వాడగా చీల వదులై బ్లేడు ఊగేది. అప్పుడు అమ్మ దాన్ని పక్కకు వాల్చి, పచ్చడిబండతో చీల మీద రెండు దెబ్బలు వేసేది. మళ్లీ ఆరు నెలలు ఫర్వాలేదు. ఊగిన ప్రతిసారీ “ఈ కత్తిపీట బాగాలేదు” అని అమ్మ అనగా నేను వినలేదు. ఊగడం దాని స్వభావం, బిగించడం తన పని అనుకునేది.

వస్తువుతో తగువు పెట్టుకునే ముందు ఈ తేడా తేల్చుకోవాలి. ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన చాకు ఇప్పటికీ ఎక్కువగా బీచ్ చెక్క పిడితోనే వస్తుంది. 1955 నుంచి దానికి లాక్‌గా ఒక ఉక్కు కడియం ఉంది, తిప్పితే బ్లేడు కదలదు. ధర తక్కువ. తడి తగిలితే చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది, వేళ్లతో తెరవలేం. అక్కడి రైతులు పిడి వెనక కొనను గట్టి చోట తట్టి బ్లేడు బయటికి వచ్చేలా చేస్తారు. మన శ్రావణమాసం తేమలో అలాంటి చాకు బిగుసుకుంటే అది లోపమా? చెక్క చెక్కలా ప్రవర్తించడం అది. జపాన్‌లోని మికి పట్టణపు ‘హిగొనొకామి’ చాకుకు అసలు లాకే ఉండదు. వెనక పొడుచుకు వచ్చిన తోకను బొటనవేలితో నొక్కి పట్టుకునే కోయాలి. లాక్ లేదని దాని మీద ఫిర్యాదు చేయలేం.

నా చాకు విషయంలోనూ ఒక ఆరోపణ ఇలాగే వీగిపోయింది. ఇంట్లో ఉన్న మామూలు సానరాయి మీద ఎంత రుద్దినా పదును రాలేదని ఉక్కు నాసిరకం అనుకున్నాను. సంగతి తలకిందులు. ఆ జాతి పౌడర్ స్టీల్‌లో ఉండే వెనేడియం కార్బైడ్లు మామూలు రాతిలోని అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టివి. రాయే ఓడిపోయింది. దానికి వజ్రపు పొడి అద్దిన పలక కావాలి. పదును ఎక్కువ రోజులు నిలబడాలని కోరి నేనే ఆ ఉక్కు ఎంచుకున్నాను. పెట్టడానికి ఎక్కువ కష్టపడాల్సి రావడం ఆ కోరికలో భాగమే.

కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒక గడిలో ఆ పదార్థం, ఆ పద్ధతి తెచ్చిపెట్టేవి రాయండి. రెండో గడిలో, చేసినవాళ్లు ఇంకాస్త శ్రద్ధ పెడితే రాకుండా ఉండేవి రాయండి. నా లెక్కలో అంటుకునే లాకూ, రాతికి లొంగని ఉక్కూ మొదటి గడిలోకి వెళ్లాయి. ఒరిగిన బ్లేడు, పైకీ కిందికీ ఉన్న కొద్దిపాటి కదలిక, అసమానమైన సాన రెండో గడిలో మిగిలాయి. ఐదనుకున్నవి మూడయ్యాయి. కానీ ఆ మూడింటి మీద నా పట్టు బిగిసింది. సంతలో కొన్న కత్తిపీట ఊగడాన్ని ఒప్పుకున్నట్టు 22,000 రూపాయల చాకు ఊగడాన్ని ఒప్పుకోనక్కర్లేదు. దేనికి ఆ డబ్బు తీసుకున్నారు? టైటానియానికి కొంత, ఉక్కుకు కొంత, సుంకానికీ రవాణాకూ కొంత. మిగిలినదంతా అమర్చేవాడి చేతిపనికి ఇచ్చాననుకున్నాను. ఒరిగిన బ్లేడు చెబుతున్నది ఏమిటంటే, ఆ చేతిపనే నాకు పూర్తిగా అందలేదని.

కొనేవాడు ఇంత పట్టుపట్టడం పిసినారితనం అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియాకు వెళ్లేది, అక్కడ కత్తులయ్యేది. 19వ శతాబ్దం తొలినాళ్లలో ఆ ఊరు చూసిన వాయిసీ అనే ఇంగ్లిషు వైద్యుడు రాసిన వివరాల్లో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు కనిపిస్తాడు. సరుకు పంపమని కబురు చేసి ఊరుకోలేదు, అంత దూరం వచ్చి తయారీని దగ్గరుండి చూసుకున్నాడు. మన కమ్మరుల పనిని గౌరవించాడు కాబట్టే అలా దగ్గర కూర్చున్నాడని నేను నమ్ముతాను. పనితనం అంటే పట్టింపు ఉన్న మనిషే గీత వంకర పోయిందని చెప్పగలడు.

ఉత్తరం

ఆ రెండు పేజీల తిట్ల ఉత్తరం చింపేశాను. పెదనాన్న రాయించిన కాగితం ముందు పెట్టుకుని మళ్లీ రాశాను. అది దాదాపు ఇలా ఉంది:

“ఫలానా తేదీన, ఫలానా బిల్లు మీద ఈ చాకు కొన్నాను. స్క్రూలు విప్పలేదు. మూసి ఉన్నప్పుడు మొన దగ్గర కుడి పలకకు 0.15 మి.మీ., ఎడమ పలకకు 0.85 మి.మీ. దూరం ఉంది. తెరిచి లాక్ పడ్డాక బ్లేడు పైకీ కిందికీ కదులుతోంది, వీడియో పంపుతున్నాను. సాన చాలు రెండు వైపులా ఒకే వెడల్పులో లేదు, ఫోటోలు పంపుతున్నాను. మీ ప్రకటనలో ప్రతి చాకునూ చేత్తో సరిచూసి పంపుతామని ఉంది. ఇది మార్చి ఇవ్వగలరా, లేక సరిచేయగలరా? పది రోజుల్లో జవాబు ఆశిస్తున్నాను.”

విశేషణం ఒక్కటీ లేదు. కోపం లేదని కాదు, ఉంది. చదివేవాడు అక్కడ ఎవరో గుమాస్తా. నా కోపం అతని బల్ల మీద పడితే అతను తనను కాపాడుకోవడంలో మునిగిపోతాడు. 0.85 అన్న అంకె పడితే దాన్ని పక్క గదిలో ఉన్న పనివాడికి చూపించాల్సిందే. ముఖ్యంగా వాళ్ల ప్రకటనలోని వాక్యాన్ని వాళ్లకే గుర్తుచేయండి. మన వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో లోపం అన్న మాటకు ఉన్న అర్థంలో, అమ్మేవాళ్లు తామే ప్రకటించుకున్న ప్రమాణానికి సరుకు తగ్గడం కూడా ఉంది. అమ్మినవాళ్లు మన దేశంలో ఉండి, బిల్లు మీ దగ్గర ఉంటే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. తేలకపోతే జిల్లా కమిషన్ ఉంది. కారణం పుట్టిన రెండేళ్లలోపు వెళ్లాలి. వస్తువు కోసం మీరు చెల్లించింది 5 లక్షల రూపాయలకు మించకపోతే ఫీజు లేదు. నాకు అంత దూరం వెళ్లాల్సిన పని పడలేదు. అయినా ఆ దారి ఉందని తెలిసి రాసిన ఉత్తరానికీ, తెలియక రాసినదానికీ గొంతులో తేడా ఉంటుంది. పార్సిల్ తెరిచేటప్పుడు వీడియో తీసుకోవడం అలవాటు చేసుకోండి. నేను తీయలేదు, దానివల్ల రెండు ఉత్తరాలు అదనంగా రాయాల్సి వచ్చింది.

మొదటి జవాబు నాలుగు రోజులకు వచ్చింది. ‘మీరు చెప్పినవి మా అనుమతి పరిధిలోనే ఉన్నాయి’ అని. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, లేదా అరుస్తారు. నేను ఒకే ప్రశ్న రాశాను: ఆ పరిధి ఎన్ని మిల్లీమీటర్లు? వారం పాటు చప్పుడు లేదు. తర్వాత వేరే మనిషి నుంచి జవాబు వచ్చింది. ఆయన పనిగదివాడని మాటలోనే తెలిసింది. పైకీ కిందికీ కదలిక ఉండకూడదని, చాకు పంపమని రాశాడు. పంపే ఖర్చు నాదే అన్నారు. ఆ విషయంలో నేను ఇప్పటికీ సమాధానపడలేదు.

ఇంట్లో చెప్పడం

ఈ మధ్యలో మా ఆవిడకు నిజం చెప్పాను. ఉత్తరం రాసిన రోజు సాయంత్రం కాగితం ఆమె ముందు పెట్టి, చాకు బాగాలేదని, ఎక్కడెక్కడ బాగాలేదో అంకెలతో సహా చెప్పాను.

“నాకు మొన్ననే తెలుసు. కొత్త వస్తువు వస్తే మీరు వారం రోజులు చేతిలోంచి దించరు. దీన్ని మాత్రం మూత వేసి పైన పెట్టేశారు” అంది.

ఆమె అంతకన్నా ఏమీ అనలేదు. నేను దాచిన రెండు రోజులూ ఆమె నా ముఖం చూస్తూ, అడగకుండా ఊరుకుందన్నమాట. వస్తువు లోపం ఇంట్లో మనుషుల మధ్యకు రావడానికి రెండు రోజులు చాలు. మీ ఇంట్లో అలా మూత వేసిన పెట్టె ఏదైనా ఉంటే ఈ రాత్రే కిందికి దించండి. డబ్బు వెనక్కి వచ్చినా రాకపోయినా, ఆ వస్తువు గురించి ఇంట్లోవాళ్లతో నిజం మాట్లాడటానికి కంపెనీ జవాబు అక్కర్లేదు.

పిల్లలు వింటూ ఉన్నారు. మా పెద్దవాడు ఆ కాగితం తీసుకుని చదివి, “మొత్తం చెత్త అన్నట్టు కాదు కదా నాన్నా, మూడే కదా” అన్నాడు. వాడికి అంతకు ముందు నెలలో లెక్కల్లో తక్కువ మార్కులు వచ్చినప్పుడు నేను కాగితం తిరగేసి ఏ లెక్క ఎక్కడ తప్పిందో చూడలేదు. మొత్తం చదువే బాగాలేదన్నాను. వాడు ఆ మాట గుర్తుచేయలేదు. నాకే గుర్తొచ్చింది. ఆ రాత్రి వాడి పరీక్ష కాగితం అడిగి తీసుకుని ఇద్దరం కూర్చున్నాం.

తిరిగి వచ్చాక

చాకు ఏడు వారాలకు తిరిగి వచ్చింది. ఈసారి వీడియో తీస్తూ తెరిచాను. పైకీ కిందికీ కదలిక లేదు. బ్లేడు దాదాపు నడిమధ్య ఉంది. సాన చాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి, వాటిని పట్టించుకోలేదు. మళ్లీ పంపవచ్చు. ఇంకో ఏడు వారాలు, మళ్లీ ఖర్చు. వజ్రపు పలక ఒకటి కొనుక్కుని, నాలుగు ఆదివారాలు మార్కర్ రంగు పూస్తూ, తుడుస్తూ, నేనే సమానం చేసుకున్నాను. మొదటి ఆదివారం కోపంగా చేశాను, కోణం చెడింది. మూడో ఆదివారానికి చేయి కుదిరింది.

ఎవరైనా అడిగితే ఇప్పుడు ఇలా చెబుతాను: ఉక్కు చాలా మంచిది, పదును నిలుస్తుంది. అమరిక మొదట బాగాలేదు, అడిగాక సరిచేశారు. సాన నేను సరిచేసుకున్నాను. దానికి నేను ఇచ్చే వెల 14,000. మిగతా ఎనిమిది వేలు ఎక్కువ పెట్టాను. ఈ చివరి మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించను. ఇంకో చాకు కొనాల్సి వస్తే చేతిలోకి తీసుకుని చూడనిచ్చే కొట్లోనే కొంటాను, జేబులో ఫీలర్ గేజి పెట్టుకుని వెళతాను.

మామిడికాయల రోజుల్లో పెదనాన్న ఇంటికి ఆ చాకు తీసుకెళ్లాను. నేను బుట్ట దించేలోపే ఆయన డబ్బా బయటికి లాగారు. కళ్లజోడు పెట్టుకుని, చాకు మూసి, మొన దగ్గర రేకులు దూర్చారు. కుడి వైపు 0.45. ఎడమ వైపు 0.55.

“ఇంకా అర వంతు ఉందిరా” అన్నారు.

“ఉంది పెదనాన్నా.”

ఆయన రేకులను గుడ్డతో తుడిచి, మడిచి, డబ్బాలో పెట్టారు. చాకు నా చేతికిచ్చి, “పెద్దకాయ తియ్యి. ముక్కలు సమానంగా రావాలి” అన్నారు.